“నువ్వైనా కాస్త చెప్పు” అని అడిగితే: ఇంట్లో, ఆఫీసులో కోచింగ్ ఎలా చేయాలి

2023 మొదట్లో మా పిన్ని ఫోన్ చేసి, “వాడికి నువ్వైనా కాస్త చెప్పవే, నీ మాటైతే వింటాడు” అంది. వాడంటే మా తమ్ముడు, పిన్ని కొడుకు. డిగ్రీ అయిపోయాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు, అప్పటికి నాలుగో ఏడు. నేను వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి చెప్పాను. టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలో, పక్కన చిన్న ఉద్యోగం చూసుకుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో, వయసు ఎంత తొందరగా గడిచిపోతుందో, అన్నీ. వాడు ప్రతి మాటకీ “సరే అక్కా” అన్నాడు. తర్వాత ఆరు నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

నేను చెప్పినవాటిలో తప్పు ఒక్కటీ లేదు. అయితే వాడికి తెలియనిది కూడా అందులో ఒక్కటీ లేదు. ఇది నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ మధ్యలోనే ఆఫీసులో నన్ను టీమ్ లీడ్ చేసి కోచింగ్ శిక్షణకు పంపడం వల్ల, అక్కడ నేర్చుకున్నది ముందు టీమ్‌లో, తర్వాత మా తమ్ముడి దగ్గర ప్రయత్నించడం వల్ల అర్థమైంది. సలహా నాలుక చివరి దాకా వచ్చినప్పుడు దాన్ని అక్కడే ఆపి పట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన నైపుణ్యం. మిగతావన్నీ దాని చుట్టూ ఉండేవే. మీరు టీమ్ లీడ్ కావచ్చు, స్కూల్లో టీచర్ కావచ్చు, ఇంట్లో అందరూ “నువ్వు చెప్తే వింటారు” అనే పెద్దక్క కావచ్చు. సర్టిఫికెట్ లేకపోయినా ఈ పని మీ మీద పడుతూనే ఉంటుంది కాబట్టి, ఎలా చేయాలో వరసగా చెప్తాను.

ముందు, ఇది కోచింగ్ పనేనా అని చూసుకోండి

మన దగ్గర కోచింగ్ అనగానే అమీర్‌పేట, అశోక్‌నగర్, విజయవాడ గుర్తొస్తాయి, అంటే పాఠం చెప్పి పరీక్ష రాయించడం. ఆ అర్థం తప్పేం కాదు. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని ‘కోచ్’ అని పిలిచేవాళ్లు, బండి ఎక్కిస్తే ఊరు చేరుస్తుంది కదా, అలా. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న కోచింగ్ ఇంకో దారిలో వచ్చింది. 1970లలో తిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ కోచ్, “మోచెయ్యి ఎత్తు, బంతి మీద కన్నుంచు” అని ఎక్కువ సూచనలు ఇచ్చేకొద్దీ ఆటగాడు బిగుసుకుపోవడం గమనించాడు. సూచనలు మానేసి, బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌ని తాకినప్పుడు ఇంకో మాట పైకి అనమన్నాడు, అంతే. ఆ మాటలు అనాలంటే బంతిని చూడక తప్పదు, చూస్తుంటే చెయ్యి దానంతట అదే సర్దుకునేది. ఆఫీసు కోచింగ్‌కి ఒక ముఖ్యమైన మూలం అక్కడుంది.

మీకు అక్కర్లేని గందరగోళం రాకుండా ఒక కొలత పెట్టుకోండి. ఎదుటి మనిషికి తెలియనిది ఉంటే నేర్పండి. తెలిసి కూడా జరగనిది ఉంటే కోచింగ్ చేయండి. కొత్తగా చేరిన అమ్మాయికి టైమ్‌షీట్ ఎలా నింపాలో తెలియకపోతే “నీకేమనిపిస్తోంది?” అని అడగడం ఆ అమ్మాయిని ఏడిపించడమే, రెండు నిమిషాల్లో చూపించేయండి. అదే ఆరు నెలలుగా ప్రమోషన్ గురించి మేనేజర్‌ని అడగాలనుకుంటూ అడగలేకపోతున్న మనిషికి “వెళ్లి అడుగు” అని చెప్పి ప్రయోజనం లేదు, ఆ మాట ఆయన తనకు తానే వందసార్లు చెప్పుకుని ఉంటాడు.

ఎవరి తరఫున వచ్చారో మొదటి నిమిషంలోనే చెప్పండి

మొదటిసారి నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడుంది. నేను పిన్ని తరఫున వెళ్లాను, అది వాడికి తెలుసు, నేను మాత్రం వాడి కోసం వచ్చినట్టు మాట్లాడాను. ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది. మేనేజర్ “వాడిని కొంచెం కోచ్ చెయ్” అంటాడు, మనం వెళ్లి “ఊరికే మాట్లాడదామని” అంటాం, ఆ ‘ఊరికే’లో ఉన్నది ఎదుటివాళ్లు వెంటనే పసిగడతారు.

అందుకే మొదట కూర్చున్నప్పుడు ఐదు నిమిషాలు ఈ సంగతులకే కేటాయించండి. ఈ మాట ఎవరు ఎత్తారు, ఎన్నిసార్లు కలుస్తాం (నా వరకు రెండు వారాలకు ఒకసారి, ఆరుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు చక్కగా సరిపోయాయి), ఇందులో ఏది బయటికి వెళ్తుంది, ఏది వెళ్లదు. మేనేజర్‌కి ఏం చెప్తారో ముందే ఆ మనిషికి చెప్పండి. “మనం కలుస్తున్నామని, ఏ విషయం మీద పని చేస్తున్నామని చెప్తాను. నువ్వేమన్నావో చెప్పను. ఏదైనా చెప్పాల్సి వస్తే నీ ఎదురుగానే చెప్తాను.” మేనేజర్‌తో కూడా ఇదే మాట ముందే తేల్చుకోవాలి, లేకపోతే రెండో వారంలో ఆయన కారిడార్‌లో ఆపి “ఏమంటున్నాడు?” అని అడుగుతాడు, మీరు నీళ్లు నములుతారు.

రహస్యానికి కూడా హద్దులుంటాయి, వాటినీ మొదట్లోనే చెప్పేయాలి. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ఆ మాట మీ దగ్గరే ఉంచుకోలేరు. లైంగిక వేధింపు లాంటిది బయటపడితే అది కోచింగ్‌తో సర్దే విషయం కాదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఉండాల్సిన ఇంటర్నల్ కమిటీ ఉంది, అక్కడికి ఎలా వెళ్లాలో చెప్పి తోడుండండి.

ఆ ఏడాది దసరాకి ఊరెళ్లినప్పుడు తమ్ముడితో రెండోసారి మాట్లాడాను. ముందే చెప్పాను: “పిన్ని పంపలేదు. అడిగినా మనం మాట్లాడుకున్నది చెప్పను. నీకు ఇష్టమైతేనే మాట్లాడదాం, వద్దంటే టీ తాగి వెళ్లిపోతా.” వాడు చాలాసేపు ఏమీ అనలేదు. గ్లాసులో టీ చల్లారిపోయింది. తర్వాత వాడే మొదలుపెట్టాడు.

వినడం: “ఇంకా?” అని ఆగండి

అందరం వింటామనే అనుకుంటాం. నిజానికి ఎదుటివాళ్లు రెండో వాక్యంలో ఉండగానే మన మనసులో జవాబు తయారవుతుంది, ఇక అక్కడి నుంచి మనం వాళ్ల మాట అయిపోవడం కోసం ఎదురుచూస్తుంటాం. దీన్ని పట్టుకోవడానికి నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. సలహా ఏదైనా తోస్తే అందులో ఒక మూల ఒక్క ముక్క రాసి పక్కన పెడతాను. రాసేశాక అది నన్ను తొందరపెట్టడం మానేస్తుంది. మాటలన్నీ అయ్యాక చూస్తే వాటిలో చాలావరకు పనికిరానివే ఉంటాయి, ఎందుకంటే అప్పటికి సమస్య వేరే చోట తేలి ఉంటుంది.

మౌనాన్ని తట్టుకోవడం నేర్చుకోండి. ఎదుటి మనిషి ఆగినప్పుడు మనసులో పది అంకెలు లెక్కపెట్టండి, ఏడో ఎనిమిదో దగ్గర చాలాసార్లు అసలు మాట వస్తుంది. రాకపోతే “ఇంకా?” అనండి, లేదా వాళ్ల చివరి మాటనే తిరిగి అనండి. “చెప్పలేకపోయాను” అంటే “చెప్పలేకపోయావు...” అని ఆగండి. మన భాషలో ఈ చిన్న మాటలకున్న బలం పెద్ద పెద్ద ప్రశ్నలకు లేదు.

ఎక్కడ కూర్చుంటున్నారో కూడా చూసుకోండి. గాజు గోడల మీటింగ్ రూమ్‌లో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుంటే ఎవరికైనా ఇంటర్వ్యూలా ఉంటుంది, బయటినుంచి నలుగురు చూస్తుంటారు కూడా. పక్కపక్కన నడుస్తూ, టీ బండి దగ్గర నిలబడి మాట్లాడితే మొహం చూడాల్సిన బరువు తగ్గుతుంది. ఇంకో విషయం, ఆఫీసులో పని సంగతులు ఇంగ్లీషులో గడగడా చెప్పేవాళ్లు కూడా భయం గురించి, అవమానం గురించి చెప్పాల్సి వస్తే తెలుగులోకి వచ్చేస్తారు. వాళ్లు వచ్చిన భాషలోకే మీరూ రండి, మళ్లీ ఇంగ్లీషులోకి లాగకండి.

“సరే సార్”, “సరే అక్కా” అనే మాటల దగ్గర మరీ జాగ్రత్త. మన ఇళ్లలో పెద్దవాళ్ల మాటకు సరే అనడం మర్యాద, ఒప్పుకున్నట్టు కాదు. రెండుసార్లు వరసగా “సరే” వినిపించిందంటే మీరు ఎక్కువ మాట్లాడుతున్నారని అర్థం చేసుకోండి. అప్పుడు ఆపి, “నేను చెప్పినదాంట్లో నీకు కుదరనిది ఏది?” అని అడగండి. కాదనడానికి వాళ్లకు ఒక తలుపు తెరిచి పెట్టడం మన బాధ్యత, ముఖ్యంగా వయసులోనో హోదాలోనో మనం పై మెట్టు మీద ఉన్నప్పుడు. మీకంటే వయసులో పెద్దవారిని కోచ్ చేయాల్సి వస్తే ‘గారు’, ‘మీరు’ వదలకండి, “మీ అనుభవంలో ఇలాంటిది ఇంతకు ముందు వచ్చిందా, అప్పుడేం చేశారు?” అని అడిగితే ఆయన దగ్గరే సగం దారి ఉంటుంది.

ప్రశ్నలు: ‘ఎందుకు’ని పక్కన పెట్టండి

తెలుగులో “ఎందుకు చేయలేదు?” అనేది ప్రశ్నలా వినిపించదు, చిన్నప్పటి నుంచి అది తిట్టుకి ముందు వచ్చే మాట. అది వినగానే ఎవరైనా సంజాయిషీ వెతుక్కుంటారు. అదే సంగతిని “ఏం అడ్డొచ్చింది?”, “ఆ రోజు ఎలా మొదలైంది?”, “ఆ క్షణంలో ఏమనుకున్నావు?” అని అడిగి చూడండి. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు తగ్గించండి. “కోర్సు చేస్తే బాగుంటుంది కదా?” లాంటివి ప్రశ్న వేషం వేసుకున్న సలహాలు, వాటికి “అవును” తప్ప ఇంకేం జవాబు వస్తుంది?

మా టీమ్‌లో ఒక అబ్బాయి క్లయింట్ కాల్స్‌లో నోరు విప్పేవాడు కాదు. ఇంగ్లీషు బలహీనం, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో వేయండి అని పైనుంచి మాట వచ్చింది. నేను కూర్చుని అడిగినప్పుడు ఆ అబ్బాయి కూడా మొదట అదే చెప్పాడు, “అంటే మేడమ్, నా ఇంగ్లీషు కొంచెం...” అని. అందరూ ఆశించే జవాబు అది, ఇచ్చేస్తే మాట ముగిసిపోతుంది. నేను ఒక్క రోజుని పట్టుకుని అడిగాను.

“పోయిన వారం కాల్ గుర్తు చేసుకో. నీ వంతు వచ్చే ముందు ఏం చేస్తున్నావు?”

“స్టేటస్ రాసి పెట్టుకున్నాను మేడమ్. మ్యూట్ కూడా తీశాను.”

“తీశాక?”

“వాళ్లు మధ్యలో ఏదైనా అడుగుతారేమోనని... ముందొకసారి అడిగితే చెప్పలేకపోయాను. లైన్‌లో అందరూ ఆగిపోయారు. సీనియర్ అందుకుని చెప్పేశారు.”

“ఆ టైమ్‌లో నీ దగ్గర ఏముంటే బాగుండేది?”

చాలాసేపు ఆగాడు. “‘కనుక్కుని సాయంత్రానికి చెప్తాను’ అని అనగలిగితే చాలు మేడమ్. అలా అనొచ్చని నాకు తెలియదు.”

అంతే. ఆరు నెలల ఇంగ్లీష్ కోర్సుతో ఈ ముడి విడేది కాదు. అలా అనొచ్చు అని చెప్పడం నేర్పడం కిందికి వస్తుంది, దానికి అర నిమిషం చాలు. అయితే ఎక్కడ నేర్పాలో తెలియాలంటే ఆ మూడు ప్రశ్నలు కావాల్సి వచ్చాయి. గమనించండి, వాటిలో ఒక్కటీ గొప్ప ప్రశ్న కాదు. అన్నీ ఒక నిజమైన రోజు గురించి, ఒక నిజమైన క్షణం గురించి అడిగినవి. ఎదుటివాళ్లు “నేనెప్పుడూ ఇంతే”, “మా ఇంట్లో అంతే” అని మాట్లాడుతున్నంతసేపు ఏమీ కదలదు. “చివరిసారి ఎప్పుడు అలా జరిగింది?” అని అడిగి అక్కడికి తీసుకెళ్లండి.

మాటకు ఒక దారి వేయండి

వింటూ, అడుగుతూ పోతే 45 నిమిషాలు ఊరికే గడిచిపోవచ్చు. అందుకని మనసులో నాలుగు మజిలీలు పెట్టుకోండి: ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నావు, ఏమేం చేయొచ్చు, ఏం చేస్తావు. దీన్ని కోచింగ్‌లో గ్రో మోడల్ (GROW: Goal, Reality, Options, Will) అంటారు. ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు బ్రిటన్‌కి చెందిన జాన్ విట్మోర్. ఆయన అంతకు ముందు రేసు కార్లు నడిపినవాడు, 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్. ఈ నాలుగూ వరసగా రావాలని పట్టుపట్టకండి, జనం ముందూ వెనకా వెళ్తూనే ఉంటారు, మీరు ఎక్కడున్నారో మీకు తెలిస్తే చాలు.

‘ఏం కావాలి’ దగ్గర తొందరపడొద్దు. మొదట చెప్పేది చాలాసార్లు ఇంకెవరికో కావాల్సింది. మా తమ్ముడిని “ఏం కావాలి?” అంటే “గ్రూప్-1 కొట్టాలి” అన్నాడు, గోడ మీద రాసుకున్నట్టు. “ఈ రోజు మనం లేచేసరికి ఏం తేలితే నీకు కాస్త తేలిగ్గా ఉంటుంది?” అని అడిగితే, “ఇంటికొచ్చిన ప్రతిసారీ నాన్నకి ఏం చెప్పాలో తెలియట్లేదక్కా, అది తేలితే చాలు” అన్నాడు. పెద్ద లక్ష్యం ఉండనివ్వండి, ఈ పూటకి ఏది కావాలో అడగండి.

‘ఇప్పుడెక్కడున్నావు’ అన్నచోట తన చేతిలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ విడదీయించాలి. పిన్ని దృష్టిలో వాడు నాలుగేళ్లు వృథా చేశాడు. కాగితం తీసి సంవత్సరం వారీగా రాయమన్నాను. 2022లో తెలంగాణలో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాడు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఇవి వాడి చేతిలో లేనివి. ఆ పక్క గడిలో వాడే రాసుకున్నాడు: జవాబులు రాసి ఎవరికీ చూపించుకోలేదు, రెండో రద్దు తర్వాత మూడు వారాలు పుస్తకం ముట్టలేదు, నాన్నతో డబ్బు గురించి మాట్లాడటం వాయిదా వేస్తున్నాడు. నేను చెప్పి ఉంటే అవి నిందలయ్యేవి. తనే రాసుకున్నాడు కాబట్టి అవి చేయాల్సిన పనులయ్యాయి. మొదటి గడిలోవి గుర్తించకుండా రెండో గడికి రమ్మని ఎవరినీ అడగలేం, అది అన్యాయం కూడా.

ఎంత సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవడానికి 0 నుంచి 10 దాకా ఒక అంకె చెప్పమని అడగండి. “నాన్నతో మాట్లాడగలననే నమ్మకం ఎంత?” అంటే వాడు 4 అన్నాడు. ఇక్కడ మన నాలుక “10 ఎందుకు కాదు?” అంటుంది, అలా అడిగితే లోపాల లిస్టు వస్తుంది. “2 అనకుండా 4 అనడానికి ఏం కారణం?” అని అడగండి. అప్పుడు మనిషి తనకున్న బలం వెతుక్కుంటాడు. తాగుడు మానాలనుకునేవాళ్లతో మాట్లాడే పద్ధతిగా విలియం మిల్లర్, తర్వాత ఆయనతో కలిసి స్టీఫెన్ రోల్నిక్ అభివృద్ధి చేసిన సంభాషణ విధానంలో ఈ ప్రశ్న వాడతారు. మా వాడు, “నాన్న ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మానెయ్ అనలేదు, అందుకు 4” అన్నాడు. ఆ మాట అన్నాక వాడి మొహం మారింది.

‘ఏమేం చేయొచ్చు’ అన్నచోట కనీసం మూడు దారులు వచ్చేదాకా ఏదీ మంచిది, ఏదీ చెడ్డది అనకండి. వాళ్లవన్నీ అయిపోయాక మీకూ ఒకటి తోచి ఉంటే, “నాకొకటి తోస్తోంది, చెప్పనా?” అని అడిగి, వాళ్ల లిస్టు చివర ఇంకొకటిగా చేర్చండి.

“చూద్దాం” అనే మాటని వదలకండి

ఇంత చేశాక చివర్లో “ట్రై చేస్తానండి” అనిపించుకుని లేచిపోతే మీ శ్రమంతా నీళ్లపాలే. మన మాటల్లో ఒప్పుకోకుండా ఒప్పుకోవడానికి చాలా దారులున్నాయి: చూద్దాం, చేద్దాంలే, అవుతుందిలే, ట్రై చేస్తాను. ‘చేద్దాం’ అంటే ఎవరు చేస్తారు? అలాగే తర్వాత కలిసినప్పుడు “చేయలేదు” అనరు, “అవ్వలేదు” అంటారు, ఆ పని దానంతట అదే అవ్వాల్సి ఉన్నట్టు. ఎగతాళి చేయకుండా, మెల్లగా, ఆ మాటని ‘నేను’లోకి తిప్పించండి. “నువ్వు ఏం చేస్తావు? ఏ రోజు? ఎక్కడ? ఏదైనా అడ్డొస్తే అప్పుడేం చేస్తావు?”

ఈ చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు, వదలకండి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశోధనల సారం ఇదే. ‘ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే ‘చేస్తాను’ అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా ఆ పని పూర్తి చేస్తారు. మా టీమ్ అబ్బాయి రాసుకున్నది ఇది: “గురువారం కాల్‌లో మొదటి స్టేటస్ నాదే చెప్తాను. తెలియని ప్రశ్న వస్తే, కనుక్కుని సాయంత్రానికి మెయిల్ చేస్తానంటాను.” పని చిన్నదే, రోజు ఉంది, అడ్డంకికి జవాబు ఉంది. చివర్లో వాళ్ల మాటల్లోనే వాళ్లతో తిరిగి చెప్పించండి, వీలైతే వాళ్ల చేత్తోనే రాయించండి, మీరు రాసి వాట్సాప్‌లో పెడితే అది మీరిచ్చిన హోంవర్క్ అయిపోతుంది.

తర్వాతి సారి కలవగానే అక్కడి నుంచే మొదలుపెట్టండి. చేయలేదంటే మొహం మాడ్చకండి. “సరే, ఆ రోజు ఏమైందో చూద్దాం” అని మళ్లీ ఒక క్షణంలోకి వెళ్లండి. ఒకే పని మూడుసార్లు వాయిదా పడిందంటే అది ఆ మనిషికి అక్కర్లేని లక్ష్యం అయ్యుండొచ్చు, ఆ మాట పైకే అడగండి.

చెప్పక తప్పనిది ఎలా చెప్పాలి

కోచింగ్ అంటే అన్నీ ప్రశ్నలే అనుకోకండి. మీ కళ్లతో చూసినది వాళ్లకు కనిపించకపోతే చెప్పాలి. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ నేర్పే ఒక పద్ధతి ఉంది: సందర్భం, ప్రవర్తన, ప్రభావం. “నువ్వసలు సీరియస్‌గా ఉండవు” అంటే అది మనిషి మీద తీర్పు. “మంగళవారం డెమోలో క్లయింట్ మాట్లాడుతుంటే నువ్వు ఫోన్ చూస్తున్నావు, ఆవిడ ఒకే ప్రశ్న రెండుసార్లు అడగాల్సి వచ్చింది” అంటే అది ఒక రోజు గురించి. చెప్పి ఆగండి, “నీ వైపు నుంచి ఏం జరిగింది?” అని అడగండి. ఇంట్లో ఎవరికో బాగోలేక మెసేజ్ కోసం చూస్తుండొచ్చు. పొగడ్తకీ ఇదే లెక్క. “సూపర్” అంటే సంతోషంగా ఉంటుంది గానీ ఏం చేసినందుకో తెలియదు కాబట్టి మళ్లీ చేయలేరు. నలుగురిలో పొగడండి, ఒంటరిగా ఉన్నప్పుడు సరిదిద్దండి, మన దగ్గర పరువు అనేది చిన్న విషయం కాదు.

మీ పని కానిచోట ఆగండి

వారాల తరబడి నిద్ర లేదు, తిండి సహించట్లేదు, ఏదీ చేయాలనిపించట్లేదు, బతకాలనిపించట్లేదు అనే మాటలు వినిపిస్తే కోచింగ్ అక్కడితో ఆపేయాలి. లక్ష్యాలు, అంకెలు అన్నీ పక్కన పెట్టండి. “చనిపోవాలనే ఆలోచన వస్తోందా?” అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబర్ ఇచ్చి పంపేయకుండా పక్కన కూర్చుని కలిపించండి, ప్రమాదం కనిపిస్తే ఒంటరిగా వదలకండి, దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. చదువుకునే పిల్లలతో పనిచేసేవాళ్లు ఈ నంబర్‌ని ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇంటర్ ఫలితాల రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు.

సాధన ఎలా చేయాలి

చదివితే వచ్చేది కాదిది. ముగ్గురు స్నేహితులు కలవండి, ఒకరు కోచ్, ఒకరు తన నిజమైన చిన్న సమస్య తెచ్చేవారు, ఒకరు చూసేవారు. ఇరవై నిమిషాలు మాట్లాడాక చూసినవాళ్లు రెండే చెప్పాలి: కోచ్ ఎంతసేపు మాట్లాడారు, ఎన్ని ప్రశ్నల్లో సలహా దాగి ఉంది. అనుమతి తీసుకుని రికార్డు చేసుకుని వింటే ఇంకా మంచిది. మొదటిసారి నేను విన్నప్పుడు సగానికి పైగా నా గొంతే ఉంది, తర్వాత వారం నుంచి నోట్‌బుక్ మొదలైంది.

దీన్ని వృత్తిగా తీసుకోవాలనుకుంటే, 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపులకు మంచి పేరుంది. మొదటి మెట్టు ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి, రెండో మెట్టు పీసీసీకి 125, 500, పై మెట్టు ఎంసీసీకి 200, 2,500. శిక్షణ గంటల పక్కన అనుభవం గంటలు ఎంత పెరుగుతున్నాయో చూడండి. ఈ రంగంలో ఎవరైనా రేపటి నుంచి కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు కాబట్టి, రెండు రోజుల వర్క్‌షాప్‌తో సర్టిఫైడ్ కోచ్‌ని చేస్తామనేవాళ్లకు డబ్బు కట్టే ముందు, ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు, శిక్షణ ఎన్ని గంటలు, నేను చేసేటప్పుడు చూసి సరిదిద్దేది ఎవరు అనే మూడూ అడగండి.

ఆఖరి మీటింగ్

ఆరో మీటింగ్‌ని మొదట్లోనే క్యాలెండర్‌లో పెట్టండి, లేకపోతే ఇది సాగుతూనే ఉంటుంది, ఆ మనిషి ప్రతి నిర్ణయానికీ మీ దగ్గరికి రావడం అలవాటవుతుంది. ఆ రోజు కొత్త విషయం ఎత్తకండి. మొదటి రోజు రాసుకున్న కాగితం ఇద్దరి మధ్య పెట్టి, ఏం మారింది, అందులో తను చేసింది ఏమిటి అని అడగండి. తర్వాత ఈ ప్రశ్న వేయండి: “రేపు ఇలాంటిదే ఇంకోటి వచ్చి నేను అందుబాటులో లేకపోతే, నిన్ను నువ్వు ముందు ఏమని ప్రశ్నించుకుంటావు?”

మా తమ్ముడికి మీటింగులు, క్యాలెండర్లు ఏమీ లేవు, ఆ దసరా సెలవుల్లో మూడు సాయంత్రాలు మాట్లాడుకున్నాం, అంతే. ఎప్పటి వరకు ప్రయత్నిస్తాడో ఒక తేదీ తనే పెట్టుకున్నాడు, అది వాళ్ల నాన్నకి తనే చెప్పాడు, నేను ఆ గదిలో లేను. ఆ ప్రశ్న అడిగినప్పుడు వాడిచ్చిన జవాబు ఇది: “ఇందులో నా చేతిలో ఉన్నదేంటి అని ప్రశ్నించుకుంటానక్కా. తర్వాత, ఈ పూట ఏది తేలితే చాలు అని.”